మూడో మిషనులో ఎగిరిపడే అక్షరం

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయికి టైపు ఇనిస్టిట్యూట్ ఉండేది. కింద కాఫీ పొడి కొట్టు, మీద మా గది. పొద్దున్న ఆరింటికి మొదటి బ్యాచ్. మెట్లు ఎక్కుతుంటే ముక్కుకు కాఫీ గింజలు వేపుతున్న వాసన, చెవులకు పదకొండు మిషన్ల చప్పుడు ఒక్కసారే తగిలేవి. వీధి మలుపు నుంచి వింటే రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టుండేది. 1996లో నాకు ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు పైకి చెప్పుకునేది కాకపోవడంతో, మా నాన్న నన్ను తీసుకొచ్చి బాబాయి ముందు నిలబెట్టి "కనీసం లోయర్ అయినా పాస్ చేయించు" అన్నాడు.

లోయర్ అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అంటే 45. బాబాయి 60 దాటి కొట్టేవాడు, అదీ పక్కనున్న మనిషితో మిరపకాయల ధర గురించి మాట్లాడుతూ. ఆయన పాఠమంతా ఒక్క ముక్కలో ఉండేది: వేళ్ల వంక చూడకూడదు. చూసినవాడి చేతుల మీద పాత శుభలేఖ అట్ట ఒకటి కప్పేవాడు. "అక్షరం ఎక్కడుందో కంటికి కాదురా, వేలికి తెలియాలి" అనేవాడు.

నాకు దక్కింది మూడో మిషను. పాత రెమింగ్టన్. అందులో ‘ఇ’ అక్షరం గీత మీద కూర్చునేది కాదు, ఒక పిసరు పైకి ఎగిరిపడేది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే అక్షరం అదే. అందుకని నేను కొట్టిన కాగితం చూస్తే బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల వరసలో అక్కడక్కడా ఒకడు గెంతుతున్నట్టుండేది. మెకానిక్ వచ్చి రెండుసార్లు కడ్డీ వంచి సరిచేశాడు. వారం తిరగకుండా మళ్లీ ఎగిరింది. "దీని మీద పాసైనవాడు ఏ మిషను మీదైనా బతుకుతాడు" అని బాబాయి దాన్ని అలాగే ఉంచేశాడు.

నేను లోయర్, ఆ తరవాత హయ్యర్ పాసై, ఉద్యోగమేదీ దొరక్క అక్కడే ఉండిపోయాను. ఈలోగా టైపు నేర్చుకునే పిల్లలు తగ్గిపోయారు. తేదీల్లో సంవత్సరానికి రెండంకెలే వాడుకున్న పాపానికి 2000 రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయన్న గోల నడుస్తున్న రోజులవి. ఆ గోల పుణ్యమా అని మా వీధి కుర్రాళ్లు సూట్‌కేసులు సర్దుకుని, కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి హైదరాబాదులోని అమీర్‌పేటకు బస్సెక్కారు. బాబాయి ఆలోచించి, అయిదు మిషన్లు అటకెక్కించి, ఎవరో వాడి అమ్మేసిన రెండు కంప్యూటర్లు కొన్నాడు. ఆ యేడు ఆయుధపూజకు మిషన్లతో పాటు మానిటర్లకు కూడా పసుపు, కుంకుమ పెట్టాడు. కుంకుమ కీబోర్డు సందుల్లోకి జారింది. మర్నాడు దులపడానికి నాకు ఒక పూట పట్టింది.

2000లో ఇంటర్నెట్ పెట్టాం. టెలిఫోన్ శాఖ బీఎస్‌ఎన్‌ఎల్‌గా మారింది ఆ అక్టోబరులోనే. అప్పటికి కంప్యూటర్లు నాలుగయ్యాయి, ఫోను లైను మాత్రం ఒకటే. 56 కిలోబిట్ల మోడెమ్ ముందు కీచుమని, తరవాత గరగరలాడి, ఆఖరికి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి ఊరుకునేది. ఊరుకుంది అంటే దొరికిందన్నమాట. ఎవరైనా కింద నుంచి ఫోను తీస్తే తెగిపోయేది. గంటకు 40 రూపాయలు.

బోర్డు మీద పేరు బాబాయిది, కుర్చీ బాబాయిది, గల్లాపెట్టె బాబాయిది. కంప్యూటర్ మాత్రం ఆయన ముట్టుకోలేదు. ఒక్క సాయంత్రం ప్రయత్నించాడు. బాణం గుర్తు తెర మూలకు పారిపోయి దాక్కుంది. దాన్ని వెతుకుతూ ఆయన మౌసును బల్ల చివరిదాకా తోసుకుంటూ వెళ్లాడు. వెనక బెంచీ మీది కుర్రాడెవడో కిసుక్కున నవ్వాడు. జిల్లాలో సగం మంది గుమస్తాలకు వేళ్లు తిప్పడం నేర్పిన మనిషి, మౌసును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఇది నువ్వు చూసుకోరా" అని లేచాడు. నేనూ సంబరంగా తల ఊపాను. నిజం చెప్పాలంటే, ఆయనకు రాని విద్య ఒకటి నాకు వచ్చినందుకు లోలోపల పొంగిపోయాను.

ఇక నా వైభవం మొదలైంది. మిర్చి యార్డు గుమస్తా వచ్చి "ఫలానా రకం ఇన్ని టిక్కీలు సిద్ధంగా ఉన్నాయని రాయి" అంటే ఢిల్లీ వ్యాపారికి మెయిలు నేనే రాసేవాణ్ణి. కొడుకులు విదేశాల్లో ఉన్న రిటైర్డు మాస్టర్లకు ఉత్తరాలు నేనే తెరిచి చదివేవాణ్ణి. హాట్‌మెయిల్‌లో ఖాతా కొన్నాళ్లు తెరవకపోతే మూసేసేవాళ్లు. అందుకని అందరి ఖాతాలూ నేనే అప్పుడప్పుడూ తెరిచి చూసి, బతికించేవాణ్ణి. వాటి కోసం ఎర్ర బైండు ఉన్న పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి పెట్టాను. ఎడమవైపు పేరు, మధ్యలో మెయిలు చిరునామా, కుడివైపు పాస్‌వర్డు. రెండేళ్లలో నూట ముప్ఫైకి పైగా పేర్లు చేరాయి. ఎవరైనా నేర్పమంటే "మీకెందుకండీ శ్రమ, నేను చేస్తానుగా" అనేవాణ్ణి. అది సేవ అనుకున్నాను. నిజానికి నేర్పడానికి అరగంట, చేసిపెట్టడానికి అయిదు నిమిషాలు పడుతుంది. పైగా చేసిపెడితే మనిషి మళ్లీ వస్తాడు.

ఆ పుస్తకం గొప్పతనం మీద నాకు మొదటి దెబ్బ ఇంటర్ ఫలితాల రోజున తగిలింది. ఆ రోజుల్లో ఫలితాలంటే మా మెట్ల మీద తిరనాళ్లే. సిగరెట్ పెట్టె అట్టల మీద, అరచేతుల్లో, బస్సు టికెట్ల వెనక హాల్‌టికెట్ నంబర్లు రాసుకుని వచ్చేవారు. సైటు తెరుచుకోవడానికే ప్రాణం విసిగేది. తాడికొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, తలపాగా మడతలోంచి కాగితం తీసి ఇచ్చాడు. నేను నంబరు కొట్టి, తెర చూసి, "ఫెయిలండీ" అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. తెర వంక చూశాడు. అందులో ఆయనకు గీతలు తప్ప ఏమీ కనిపించలేదని నాకు తెలుసు. పది రూపాయలు బల్ల మీద పెట్టి, వెళ్లి మెట్ల మీద కూలబడ్డాడు. అరగంటకు కూతురు వెతుక్కుంటూ వచ్చింది. నా భుజం పక్క నుంచి వంగి చూసి, "అన్నయ్యా, ఇది నా నంబరు కాదు" అంది. కాగితం మీది 1ని నేను 7 అనుకున్నాను. అమ్మాయి మొదటి తరగతిలో పాసైంది.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "బాబూ, నువ్వు చూసి చెప్పావు గదా అని..." అన్నాడు, అంతే. పది రూపాయలు తిరిగిచ్చాను. నేను చెప్పినదానికి మించి ఆయన దగ్గర మరో దారి లేదన్న సంగతి ఆ పూటకు గుచ్చుకుంది. మర్నాటికి మరచిపోయాను. చిట్టాలో పేర్లు పెరుగుతూనే ఉన్నాయి.

ఆ చిట్టాకు లొంగని మనిషి ఒక్కరే. అరండల్‌పేట నుంచి నడిచి వచ్చే మామ్మగారు. ఊరగాయలు పెట్టి అమ్మేవారు. అరవై ఏళ్లుంటాయి, అయిదో తరగతి వరకు తెలుగు చదువు, ఇంగ్లీషు బొత్తిగా లేదు. కొడుకు న్యూజెర్సీలో ఉండేవాడు. మొదటిసారి మనవడి ఫోటో వచ్చిననాడు నేను తెరిచిపెట్టాను. మా లైను వేగానికి ఫోటో ఒక్కసారిగా వచ్చేది కాదు, పై నుంచి కిందికి దిగేది. ముందు జుట్టు, తరవాత నుదురు. "వాళ్ల తాత నుదురే!" అన్నారు మామ్మగారు. కళ్లు దిగాయి. ముక్కు సగంలో ఉండగా కింద కాఫీ కొట్టువాడు ఫోను తీశాడు. లైను తెగింది. ఆమె పావుగంట అలాగే, సగం ముక్కుతో ఉన్న మనవణ్ణి చూస్తూ కూర్చున్నారు.

కొడుకు ఉత్తరాలు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి రాసేవాడు. అవి నేను చదివి వినిపించేవాణ్ణి. మూడు నెలలు విని, ఒకరోజు మామ్మగారు కొంగు బిగించి అన్నారు: "నా కొడుకు నాకు రాసిన మాట నీ నోట వినడమేమిటి అబ్బాయ్? నాకు నేర్పు." నేను అలవాటుగా "మీకెందుకండీ" అనబోయాను. "ఎందుకో నాకు తెలుసు. ఎలాగో నువ్వు చెప్పు" అన్నారు.

మౌసు తన చేతికే ఇమ్మన్నారు. నా చెయ్యి అలవాటు చొప్పున అటు పోతే చటుక్కున కొట్టేవారు. ఆవకాయ కొలతల పుస్తకం వెనక నుంచి తిప్పి, అందులో తన మాటల్లో రాసుకున్నారు: ‘నీలం రంగు ఇ అక్షరం గుర్తు రెండుసార్లు తట్టాలి. కాసేపు ఆగాలి. తొందరపడి మళ్లీ తట్టరాదు.’ ఖాతాకు పాస్‌వర్డు పెట్టుకునే చోటికి వచ్చేసరికి నేను చిట్టా తెరిచి కలం పట్టుకున్నాను. మామ్మగారు నా వంక చూశారు.

"తల అటు తిప్పు నాయనా."

"నేను రాసి ఉంచుతానండీ, మరచిపోతే..."

"పోపులపెట్టె తాళం పొరుగింట్లో పెడతామా? తిప్పు."

తిప్పాను. నొచ్చుకున్నాను కూడా. నూట ముప్ఫై మంది నమ్మినదాన్ని ఈవిడ నమ్మకపోవడమా అని. చిట్టాలో ఆమె పేరూ, చిరునామా రాశాను. కుడివైపు గడి ఖాళీగా ఉండిపోయింది.

హాట్‌మెయిల్ అప్పట్లో ఇచ్చింది రెండు మెగాబైట్ల చోటు. నాలుగైదు ఫోటోలకే నిండిపోయేది. కొత్తది రావాలంటే పాతది చెరపాలి. మామ్మగారికి అది గండంగా ఉండేది. మనవడు బోర్లాపడిన ఫోటో తీసెయ్యాలా, పాకుతున్న ఫోటో తీసెయ్యాలా అని తేల్చుకోలేక, ప్రింటు తీయించుకుని మరీ చెరిపేవారు. 2004లో గూగుల్ ఒక గిగాబైటు ఇస్తామని జీమెయిల్ మొదలుపెట్టింది. మొదట్లో అది పిలుపు అందినవాళ్లకే. కొడుకు ఆమెకు పిలుపు పంపాడు. "అయిదొందల రెట్లు చోటండీ" అంటే, "అంత గాదెలో వేసుకోవడానికి వాడు వారానికి ఒక ఉత్తరం అయినా రాయాలి గదా" అన్నారు.

తెలుగులో రాయడం ఆ తరవాతి ముచ్చట. అంతకుముందు తెలుగు సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు అడిగేవి, అది లేకపోతే తెర నిండా చిత్తుగీతలు కనిపించేవి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. సీడీ పెట్టి, భాషల దగ్గర ఒక గడిలో టిక్కు పెడితే, అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే యూనికోడ్ తెలుగు పనిచేసేది. ఇన్‌స్క్రిప్ట్ అని ప్రభుత్వం ఖాయం చేసిన కీబోర్డు అమరికలో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడివైపు ఉంటాయి. నేను కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి మీటలకు అతికించాను. ‘అమ్మ’ అని రావాలంటే షిఫ్ట్‌తో డి, తరవాత సి, డి, సి. డి మీట పొల్లు. రెండు హల్లుల మధ్య దాన్ని నొక్కితే ఒకదాని కింద ఒకటి చేరి వత్తు అవుతుంది. అది నాకు వ్యాకరణంలా చెప్పడం రాలేదు. ఆమే తేల్చారు: "ఇది నెయ్యి అన్నమాట. అన్నాన్నీ పప్పునీ కలుపుతుంది, తను కనబడదు." మొదటి ఉత్తరం నాలుగు వాక్యాలు. నలభై నిమిషాలు పట్టింది. ఏం రాశారో నాకు తెలియదు. తల తిప్పించారు మరి.

మామ్మగారు 2011లో పోయారు. కర్మకాండకు వచ్చిన కొడుకు మా సెంటరుకు వచ్చి, అమ్మ మెయిలు పాస్‌వర్డు నీ దగ్గర ఉండే ఉంటుంది గదా అని అడిగాడు. లేదన్నాను. నమ్మలేదనుకుంటాను.

ఆ పాటికి సెంటరు కూడా కొన ఊపిరితో ఉంది. ఫోన్లలోకే ఇంటర్నెట్ వచ్చేశాక 40 రూపాయలు పెట్టి మెట్లెక్కేవారెవరు? మూసేశాం. నేను ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూసుకునే పనిలో చేరి విజయవాడ వెళ్లాను. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐ తెచ్చింది. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక, ఏటీఎంల ముందు నిలబడలేక బాబాయి నాకు ఫోను చేశాడు. ఆదివారం వచ్చి ఆయన ఫోనులో అంతా నేనే అమర్చాను. పిన్ కూడా నేనే ఎంచి, క్యాలెండరు చింపు మీద రాసి, ఆయన జేబులో పెట్టాను. "ఈ నాలుగంకెలు కొడితే పనైపోతుంది బాబాయ్" అన్నాను. పదహారేళ్లు గడిచినా నేను మారలేదని ఇప్పుడు తెలుస్తోంది.

2022 వేసవిలో బాబాయి అటక మీది మిషన్లు అమ్మేద్దామన్నాడు. నాలుగు మిగిలాయి, అందులో మూడోది ఒకటి. పాత సామాను అమ్ముకునే ఒక యాప్‌లో ఫోటోలు పెట్టి, 12,000 అని రాశాను. గంటలో బాబాయికి ఫోను. సినిమా షూటింగుకు కావాలి, బేరం కూడా ఆడను, మనిషిని పంపి తీసుకెళతాను అన్నాడట అవతలివాడు. "డబ్బు ఇప్పుడే వేస్తాను, నేను పంపే క్యూఆర్ స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి, మీకు జమ అవుతుంది" అన్నాడు. బాబాయి కొట్టాడు. 12,000 పోయాయి. "అయ్యో, సిస్టంలో పొరపాటు పడింది, రెండూ కలిపి 24,000 పంపుతున్నాను, మళ్లీ కొట్టండి" అన్నాడు. బాబాయి మళ్లీ కొట్టాడు.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. స్కాన్ చేయడమూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పంపడానికి ఒప్పుకున్నట్టే. ఈ ఒక్క మాట నేను ఆయనకు ఆరేళ్లలో చెప్పలేదు. నాలుగంకెలు మాత్రం చెప్పాను.

నేను వచ్చేసరికి కుర్చీలో కూర్చుని వేళ్లు చూసుకుంటున్నాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశాం. దొంగతనం జరిగిన మొదటి గంటల్లోనే చెబితే డబ్బు ఖాతాలు మారకముందే ఆపడానికి వీలుంటుంది. మేము చెప్పేసరికి సాయంత్రమైంది. 9,000 ఎక్కడో ఆగి, నెలల తరవాత వెనక్కి వచ్చింది. మిగతాది రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, పిన్ని పెరుగు వడ్డిస్తుండగా బాబాయి ఉన్నట్టుండి అన్నాడు: "ఒరేయ్, పిన్ కొట్టే తెర మీద పైన ఏముంటుంది?" ఎవరికి వెళుతుందో ఆ పేరూ, ఎంత వెళుతుందో ఆ అంకే ఉంటాయన్నాను. "ఇంగ్లీషులోనేనా?" అవునన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకు రాని ఇంగ్లీషా అది? జన్మంతా చూడకుండా కొట్టడమే విద్య అని చెప్పాను. చూడకుండానే కొట్టాను" అన్నాడు.

మామ్మగారి సంగతి అప్పుడు చెప్పాను. ఆమె కొలతల పుస్తకం, తల తిప్పించడం, నెయ్యి మీట. బాబాయి గల్లాపెట్టె దగ్గర కూర్చుని అదంతా ఆ రోజుల్లో చూసినవాడే, కానీ మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. మర్నాడు పొద్దున్న ఆరింటికి నన్ను లేపి, ఫోను చేతిలోకి తీసుకుని, "పాఠం ఒకటి" అన్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. కష్టమే అది. ఆయన వేలు తప్పు గుర్తు మీద తచ్చాడుతుంటే నా వేళ్లు దురదపెట్టేవి. ఒక్క రూపాయి నాకు పంపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తెర మీద ప్రతి మాటా పైకి చదివి, అర్థం చెప్పుకుని, అప్పుడు నొక్కాడు. పిన్ మార్చేటప్పుడు నన్ను బాల్కనీలోకి వెళ్లమన్నాడు.

ఇప్పుడు ఆయనకు 78. నాకు తెలియనివి కూడా తెలుసుకుని నాకే చెబుతున్నాడు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి ‘డిజిటల్ అరెస్ట్’ అంటున్నారట, అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు, జాగ్రత్త అంటాడు. మనిషి గొంతు కొద్దిగా దొరికితే చాలు, అదే గొంతుతో కంప్యూటర్ ఏ మాటైనా పలికించగలదని చదివినప్పటి నుంచి మరీ అప్రమత్తంగా ఉన్నాడు.

అది నాకు పోయిన నెల అనుభవానికి వచ్చింది. విజయవాడ బస్టాండులో నా ఫోను పోయింది. పక్కనున్నాయన ఫోను అడిగి తీసుకుని, నాకు నోటికి వచ్చిన ఒకే ఒక్క నంబరుకు, అంటే బాబాయికి చేశాను. "బాబాయ్, నేనే. ఫోను పోయింది. ఈ నంబరుకు రెండు వేలు పంపుతావా?"

"నువ్వే అని ఏమిటి నమ్మకం?"

"గొంతు తెలియడం లేదా?"

"గొంతు ఎవరికైనా ఉంటుంది. మన మూడో మిషనులో ఏ అక్షరం ఎగిరేది?"

నలుగురూ చూస్తుండగా బస్టాండు మధ్యలో నిలబడి, "ఇ, బాబాయ్, ఇ" అని అరిచాను.

"ఊఁ" అన్నాడు. ఒక క్షణం ఆగాడు. "సరే, నువ్వే. అయినా తెలియని నంబరుకు నేను పంపను. అక్కడే ఉండు, బస్సెక్కి వస్తున్నాను."